ఐదు సెంట్ల పెరట్లో నాటు కోళ్ళకు కదిలే గూడు: సైజు, చక్రాలు, ఎండ, ముంగిస

మీ ప్రశ్న చదివానండి. ఖమ్మం దగ్గర ఇంటి వెనక ఐదు సెంట్ల స్థలం ఉందని, అందులో నాలుగు కూరగాయ మడులు, ఒక వేపచెట్టు ఉన్నాయని రాశారు. పది నాటు కోళ్ళు పెంచాలని మీకు ఉంది. ఒకేచోట గూడు పెడితే వాసన, ఈగలు అని ఇంట్లో ఒప్పుకోవడం లేదు. అందుకని రోజూ జరుపుకునే గూడు కట్టిద్దామనుకుంటున్నారు. ఎంత సైజు, దేనితో కట్టాలి, చక్రాలు కావాలా, మన ఎండలకు కోళ్ళు అందులో ఉండగలవా అని అడిగారు. అమెరికా వీడియోలు చూశానని కూడా రాశారు.

ముందు సూటిగా చెప్తాను. పదితో కాకుండా ఎనిమిదితో మొదలుపెట్టండి, ఏడు పెట్టలు, ఒక పుంజు. 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు గూడు చాలు. వెనక వైపు 3 అడుగులు నేలకు అడుగున్నర ఎత్తులో రాత్రి పడుకునే గది, మిగతాది కింద నేల ఉన్న జాలి ఆవరణ. ఇనుప స్క్వేర్ పైపులతో చట్రం, అరంగుళం వెల్డ్ మెష్, గది ఉన్న వైపున రెండు చక్రాలు. సాయంత్రం రెండు గంటలు కోళ్ళను బయటికి వదలాలి. ఎండాకాలం గూడు చెట్టు కిందే ఉండాలి. ఇవి కుదిరితే వాసన ఉండదు, ఈగలు బాగా తగ్గుతాయి.

వీటన్నిటికంటే ముందు చూడాల్సింది ఒకటుంది. మీ ఇంట్లో రోజూ ఆ గూడును జరిపేది ఎవరో, వాళ్ళు ఒక్కరే ఒక్క చేతి సాయం లేకుండా జరపగలిగేలా ఉండాలి. కొలతలు, పైపులు, చక్రాలు అన్నీ దీన్ని బట్టే. ఇది నేను మూడు గూళ్ళు కట్టించాక తెలుసుకున్నాను.

మాది నూజివీడు దగ్గర మామిడి తోట. తొమ్మిదేళ్ళుగా కోళ్ళు పెంచుతున్నాను. మొదటి గూడు మా ఆయన ముచ్చటపడి చేయించారు. 10 అడుగులు, 6 అడుగులు, పాత తలుపుల టేకు చెక్క, పైన రేకు. ఇరవై కోళ్ళు పట్టేంత గూడు. చూడటానికి చాలా బాగుండేది. జరపాలంటే మాత్రం నలుగురు మగవాళ్ళు కావాలి. తోటలో పని ఉన్న రోజుల్లో కూలీలు వచ్చినప్పుడు జరిపేవాళ్ళం. మొదట్లో రోజూ జరిగేది, తర్వాత వారానికి ఒకసారి, జూన్ వచ్చేసరికి అది వేపచెట్టు కింద స్థిరపడిపోయింది. వానలు పడ్డాయి. కింద నేలంతా రెట్టతో కలిసి రొచ్చు అయింది. మూడు వారాల్లో పిల్లకోళ్ళకు రక్తపారుడు పట్టింది. ఇరవైలో పదకొండు పోయాయి.

రక్తపారుడు ఎలా వస్తుందో తెలిస్తే, గూడు రోజూ ఎందుకు జరపాలో అర్థమవుతుంది. జబ్బు కోడి రెట్టలో ఆ క్రిమి గుడ్లు పడతాయి. పడిన వెంటనే వాటితో ప్రమాదం లేదు. తేమ, వెచ్చదనం ఉంటే ఒకటి రెండు రోజుల్లో అవి పక్వానికి వచ్చి, కోడి ముక్కుతో నేల గీరి తిన్నప్పుడు పేగుల్లోకి వెళ్తాయి. అంటే అవి తయారయ్యేలోపే గూడు పక్కకు జరిగిపోవాలి. జరిగిపోయిన నేల మీద ఎండ పడి ఆరాలి. రెండు రోజులకోసారి జరిపితే సరిపోదా అని చాలామంది అడుగుతారు. వేసవిలో పొడినేల మీద సరిపోతుంది. వానాకాలంలో సరిపోదు.

మీ స్థలం సరిపోతుందా అంటే, లెక్క వేసి చూద్దాం. ఐదు సెంట్లంటే 2,178 చదరపు అడుగులు. మడులు, దారి, చెట్టు మొదలు పోను సగం మిగులుతుందనుకోండి, దాదాపు 1,100. గూడు రోజుకు 32 చదరపు అడుగులు వాడుకుంటుంది. అంటే ఒకసారి కూర్చున్న చోటికి మళ్ళీ రావడానికి నెల దాటుతుంది. ఈలోపు గడ్డి మళ్ళీ లేస్తుంది. ఒక పెట్ట రోజుకు నూరు గ్రాములకు పైనే రెట్ట వేస్తుంది, ఎనిమిదింటికి కలిపి కిలోకు దగ్గర. అది ఒక్కచోట పడితే గడ్డి మాడిపోతుంది, అదే నేలంతా పరుచుకుంటే ఎరువు. పది, పన్నెండు కోళ్ళను అదే గూట్లో కుక్కితే ఈ లెక్క తప్పుతుంది. ఎనిమిది అన్నది అందుకే.

## అమెరికా గూళ్ళ గురించి ఒక మాట

మీరు చూసిన వీడియోల్లో ఉండేవి ఎక్కువగా వర్జీనియాలో జోయెల్ సాలటిన్ అనే రైతు వాడుకలోకి తెచ్చిన పద్ధతివి. 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు, ఎత్తు 2 అడుగులే. అందులో మాంసం కోళ్ళను పెట్టి రోజూ పచ్చిక మీద జరుపుతారు. ఆ పద్ధతి అక్కడికి మంచిదే. బ్రాయిలర్ కోడి నేల మీదే పడుకుంటుంది, రెండు నెలలు కూడా ఉండదు. మన నాటు పెట్ట అలా కాదు. పొద్దుగుంకితే పైకెక్కి కూర్చోవాలి. ఎక్కడానికి ఏమీ లేకపోతే రాత్రంతా అసహనంగా తిరుగుతుంది, సందు దొరికితే చెట్టెక్కుతుంది. రెండడుగుల ఎత్తు రేకు కింద మే నెల మధ్యాహ్నం మన కోడిని పెట్టడమంటే పెనం మీద పెట్టినట్టే. అందుకని ఆ కొలతలు తీసుకోకండి. రోజూ జరపడం అన్న అలవాటు మాత్రం తీసుకోండి.

ఆ మాటకొస్తే మన కోళ్ళ గంప కూడా కదిలే గూడే. మా అమ్మమ్మ తల్లికోడినీ పిల్లల్నీ గంప కింద మూసి, ఎండ వచ్చేకొద్దీ వాకిట్లో నీడ వైపుకు జరుపుతూ ఉండేది. ఆ గంప ఎత్తితే కింద గడ్డి ఎలా ఉండేదో చూసినవాళ్ళకు ఇదంతా కొత్తగా అనిపించదు.

## చట్రం, బరువు

రెండో గూడు పివిసి పైపులతో కట్టించాను, మొదటిది బరువైందన్న బాధతో. ఒక్క చేత్తో లాగేదాన్ని. మే నెలలో ఒక సాయంత్రం ఈదురుగాలి లేచి, గూడు రెండు పల్టీలు కొట్టి కాలువ గట్టున పడింది. కోళ్ళు బతికాయి, గూడు పోయింది. పైగా ప్లాస్టిక్ పైపు రెండు వేసవులకే పెళుసుబారి, బిగించిన చోట చిట్లుతుంది.

వెదురుతో కట్టుకోవచ్చు, ఖర్చు తక్కువ, బరువు సరిపోతుంది. కాకపోతే పచ్చి వెదురు తెచ్చి కడితే ఏడాదికల్లా పురుగు తొలిచి పసుపు పొడి రాలుతుంది. కట్టే ముందు కొన్ని వారాలు చెరువు నీళ్ళలో నానబెట్టి, నీడలో ఆరబెట్టిన వెదురు అయితే ఇంకా ఎక్కువ కాలం వస్తుంది. నానబెట్టే ఓపిక, చోటు ఉంటే వెదురు మంచిదే. లేకపోతే ఇనుము.

ఇప్పుడు వాడుతున్న మూడో గూడు ఇనుముది, 2021లో వెల్డింగ్ షాపులో చేయించాను. కింది చట్రానికి అంగుళం స్క్వేర్ పైపు, పైభాగానికి ముప్పావు అంగుళం. అంగుళం పైపు 16 గేజ్ అయితే 20 అడుగుల పొడవు ఏడు కిలోలు తూగుతుంది, దాన్ని బట్టి మీరే లెక్క వేసుకోవచ్చు. షాపువాళ్ళు గట్టిగా ఉంటుందని ఒకటిన్నర అంగుళాల పైపు అంటగట్టబోతారు, వద్దని చెప్పండి. జాలి, రేకు, చక్రాలతో కలిపి మాది అరవై కిలోల లోపు. కూలితో సహా అప్పట్లో 11,000 చిల్లర అయింది. ఇప్పుడు ఇనుము రేటు కనుక్కుని చూసుకోండి.

చేయించాక నేల తగిలే పైపులకు రెడాక్సైడ్ రెండు కోట్లు వేయించండి. రెట్ట తగిలిన ఇనుము మామూలు కంటే త్వరగా తుప్పు పడుతుంది.

## చక్రాలు ఎక్కడ బిగించాలి

ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు కాబట్టి వివరంగా రాస్తాను.

నాలుగు మూలలా నాలుగు చక్రాలు పెడితే గూడు చట్రం నేలకు ఆనదు, చుట్టూ సందు ఉంటుంది. ముంగిసకు రెండంగుళాల సందు చాలు. చక్రాలు లేకుండా ఈడిస్తే నేల గట్టిగా ఉన్నచోట చట్రం వంకర పోతుంది. మా గూటికి వెనకవైపు మాత్రమే రెండు రబ్బరు చక్రాలు ఉన్నాయి. వెనక అడ్డపైపు కంటే ఇరుసు ఆరంగుళాలు బయటికి ఉంటుంది. గూడు నిలబడి ఉన్నప్పుడు ఆ చక్రాలు నేలకు అరంగుళం పైన, గాల్లో ఉంటాయి. చట్రం నాలుగువైపులా నేలకు ఆనుకుని ఉంటుంది.

ముందు పట్టు పట్టుకుని ఎనిమిది అంగుళాలు ఎత్తేసరికి వెనక చక్రాలు నేలను తాకుతాయి. ఇంకాస్త, రెండడుగుల దాకా ఎత్తితే వెనక అంచు అంగుళం పైకి లేస్తుంది. అప్పుడు మన వైపుకు లాక్కుంటూ నడవడమే. దించగానే చక్రాలు మళ్ళీ గాల్లోకి లేచిపోతాయి, గూడు నేలకు అతుక్కుంటుంది. తాళం, గేరు, స్క్రూ ఏమీ లేవు. పడుకునే గది, కోళ్ళు, గుడ్ల పెట్టె అన్నీ చక్రాల వైపే ఉంటాయి కాబట్టి బరువంతా వాటి మీద పడుతుంది. నా చేతికి వచ్చేది నిండు బిందె ఎత్తినంత. నేను ఊళ్ళో లేని రోజు మా అత్తయ్య జరుపుతారు, ఆవిడకు అరవై నాలుగేళ్ళు.

సైకిల్ చక్రాలు వేయించకండి. పెద్దవి కాబట్టి ఇరుసు మరీ వెనక్కి పోతుంది, సన్నగా ఉంటాయి కాబట్టి తడినేలలో దిగబడతాయి. తోపుడుబండి షాపుల్లో పది అంగుళాల వెడల్పాటి రబ్బరు చక్రాలు దొరుకుతాయి, అవి తీసుకోండి.

జరపాల్సింది తెల్లవారి, గది తలుపు తీయకముందు. అప్పుడు కోళ్ళన్నీ పైన కర్రల మీద ఉంటాయి, కింద ఆవరణ ఖాళీ. మొదట్లో ఇది తెలియక పొద్దెక్కాక, కోళ్ళు కింద తిరుగుతుండగా లాగాను. వెనక పైపు కింద ఒక గోధుమరంగు పెట్ట కాలు పడి విరిగింది. వెదురు పుల్ల కట్టి, నెల రోజులు గంప కింద పెట్టి చూసుకున్నాను. కుంటుతూనే రెండేళ్ళు బతికింది, గుడ్లు కూడా పెట్టింది. కానీ ఆ అరుపు ఇప్పటికీ గుర్తుంది. అందుకే ఈ ఒక్క విషయంలో మినహాయింపు లేదు.

## పడుకునే గది

లోపల 4 అడుగుల కర్రలు రెండు, ఒకే ఎత్తులో. ఒకటి పైకి, ఒకటి కిందికి పెడితే పై కర్ర కోసం రోజూ సాయంత్రం పొడుచుకుంటాయి. కోడికి అడుగు చొప్పున ఎనిమిదింటికి సరిగ్గా సరిపోతుంది. కర్ర మందం రెండంగుళాలు ఉండాలి, అంచులు గుండ్రంగా చెక్కించాలి. సన్నటి ఇనుప కడ్డీ మీద కూర్చుంటే పాదాల అడుగున గడ్డలు వస్తాయి.

కర్రలు గోడకు అడుగు దూరంలో ఉండాలి. జాలి పక్కనే కోడి కూర్చుంటే పిల్లి బయటి నుంచే కాలో రెక్కో పట్టి లాగుతుంది. జాలి తెగకపోయినా కోడి చస్తుంది.

గది గోడలు కింద అడుగు దాకా మూసి ఉండాలి, పైన అడుగు జాలి. మూసిన భాగానికి నేను వెదురు తడికె వాడాను, తేలిక. చలికాలంలో మాత్రం జాలి మీదికి గోనెపట్టా దించుతాను, అదీ గాలి వచ్చేవైపు మాత్రమే. గదిని పూర్తిగా బిగించేస్తే రెట్ట నుంచి వచ్చే అమ్మోనియా ఘాటు లోపలే ఉండిపోయి కోళ్ళకు కళ్ళు నీరు కారతాయి. తెల్లవారి తలుపు తీసి మీ ముఖం లోపల పెట్టి చూడండి. మీ కళ్ళు మండితే గాలి చాలట్లేదని అర్థం.

గది నేలకు ముప్పావు అంగుళం సందులతో టేకు పట్టీలు వేయించండి. రాత్రి రెట్ట వాటి మధ్య నుంచి కింద పడుతుంది, మర్నాడు గూడు జరిగిపోతుంది, ఊడ్చే పని ఉండదు. తడిగా ఉన్న రెట్ట అక్కడక్కడా అంటుకుంటుంది, వారానికోసారి గరిటెతో గీకి బూడిద చల్లితే చాలు.

గుడ్ల పెట్టెలు రెండు, ఒక్కోటి అడుగు పొడవు, అడుగు వెడల్పు. గదికి బయటికి పొడుచుకు వచ్చినట్టు కట్టించి పైన మూత పెట్టించండి, గుడ్లు బయటి నుంచే తీసుకోవచ్చు. కూర్చునే కర్రల కంటే పెట్టెలు కిందికి ఉండాలి, లేకపోతే రాత్రి వాటిలోనే పడుకుని గుడ్లు పాడుచేస్తాయి. లోపల వరిగడ్డి, దాని కింద గుప్పెడు వావిలాకు. కోడిపేలకు మా వైపు అదే వాడతాం. కదిలే గూట్లో రోజూ గడ్డినేలే ఉంటుంది కాబట్టి కోళ్ళకు మట్టిలో పొర్లే చోటు దొరకదు. పాత స్కూటర్ టైరులో పొడిమట్టి, కట్టెల బూడిద కలిపి పోసి ఆవరణలో పెట్టండి. మధ్యాహ్నం ఒకదాని తర్వాత ఒకటి అందులో దిగి పొర్లుతాయి.

## ముంగిస, పిల్లి, కుక్క, పాము

కోళ్ళ జాలి అని షాపుల్లో అమ్మే ఆరు మూలల కన్నుల సన్న జాలి కోళ్ళను లోపల ఉంచడానికే పనికొస్తుంది. బయటివాటిని ఆపదు. వీధికుక్క పళ్ళతో చీల్చేస్తుంది. అరంగుళం కన్నుల వెల్డ్ మెష్ వేయించండి. ఖర్చు ఎక్కువే. మిగతా ఎక్కడైనా తగ్గించుకోండి, ఇక్కడ కాదు.

ముంగిస రాత్రి రాదు, అది పగటి దొంగ. ఒకరోజు పదకొండు గంటల వేళ నేను వంటింట్లో ఉండగా కోళ్ళు ఒక్కసారిగా గోల పెట్టాయి. వెళ్ళేసరికి మూడు పెట్టలు మెడ దగ్గర కొరికి పడేసి ఉన్నాయి. జాలి ఎక్కడా తెగలేదు, తలుపు వేసే ఉంది. చుట్టూ తిరిగి చూస్తే, తూర్పు వైపు పైపు కింద గేదె గిట్ట దిగిన గుంట ఒకటి. నా నాలుగు వేళ్ళు పట్టేంత. వానకు మెత్తబడినప్పుడు పడి, తర్వాత గట్టిపడిన గుంట అది. గూడు సరిగ్గా దాని మీద ఆగింది.

అప్పటి నుంచి జరిపాక ఒకసారి చుట్టూ తిరిగి, వెలుతురు కనిపించిన చోట మట్టి తన్ని పూడుస్తాను. దాంతోపాటు కింది పైపు చుట్టూ బయటికి అడుగు వెడల్పు జాలి పట్టీలు కట్టించాను, తీగతో మడతబందులా వేలాడేలా. జరిపేటప్పుడు పైకి మడిచి కొక్కేనికి తగిలిస్తాను, ఆగాక నేల మీద పరుస్తాను. తవ్వే జంతువు ఏదైనా గోడ మొదట్లోనే తవ్వుతుంది, అక్కడ జాలి తగిలి ఆగిపోతుంది. కుక్కలు, పందికొక్కులు రెండూ దీనితో ఆగాయి.

ముంగిస మీద కోపంతో బోనులు, మందులు పెట్టకండి. అది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉన్న జంతువు. పైగా మీ పెరట్లోకి పాములు రాకుండా చూసేది కూడా అదే.

రాత్రికి కోళ్ళు గదిలోకి ఎక్కాక మధ్య తలుపు తప్పకుండా వేయాలి. బావురుపిల్లి, కుక్క, నక్క వచ్చేది అప్పుడే. ఆవరణ జాలి ఒక కాపలా, గది తలుపు రెండో కాపలా. గొళ్ళేనికి చీల కూడా పెట్టండి, కుక్క మూతితో నెడితే ఒట్టి గొళ్ళెం జారిపోతుంది. అరంగుళం జాలిలోంచి పెద్ద పాములు దూరలేవు, చిన్నవి దూరతాయి. ఎక్కువగా గుడ్ల కోసం, ఎలుకల కోసం వస్తాయి. సాయంత్రం గుడ్లు తీసేసి, మిగిలిన గింజలు ఎత్తేస్తే ఆ రాక తగ్గుతుంది. తెల్లవారుజామున గుడ్ల పెట్టెలో చెయ్యి పెట్టే ముందు టార్చ్ వేసి చూడటం అలవాటు చేసుకోండి.

## ఎండ

మీది ఖమ్మం కాబట్టి ఇది తేలిగ్గా తీసుకోవద్దు. కోడికి చెమట పట్టదు. ఒంట్లో వేడి ఎక్కువగా నోటి ద్వారానే పోవాలి. నోరు తెరిచి ఎగపోస్తూ, రెక్కలు ఒంటికి ఎడంగా పెట్టి నిలబడిందంటే అప్పటికే ఇబ్బందిలో ఉన్నట్టు. గాలి కదలని రోజు 42 డిగ్రీలు దాటితే పడిపోయే ప్రమాదం ఉంది. బరువైన కోళ్ళు ముందు పోతాయి.

మార్చి నుంచి జూన్ మొదటి వాన పడేదాకా నా గూడు మామిడి చెట్ల నీడ దాటి బయటికి రాదు. చెట్టు చుట్టూ తిప్పుతాను, రోజుకో చోటు. మీకు ఒక్క వేపచెట్టే కాబట్టి నీడ ఎటు పడుతుందో మధ్యాహ్నం రెండు గంటలకు చూసి, గూడు ఆ చోట పెట్టండి. ఉదయం నీడ చూసి మోసపోకండి. చెట్టు చుట్టూ చోట్లు చాలకపోతే ఆ నెలల్లో రెండు రోజులకోసారి జరిపినా పరవాలేదు, నేల పొడిగా ఉంటుంది.

రేకు మీద తెల్ల సున్నం రెండుసార్లు కొట్టండి. దాని మీద తాటాకు కానీ బోదగడ్డి చాప కానీ వేసి తాడుతో కట్టండి, వేసవికి మాత్రమే. వానాకాలం తీసేయాలి, నానితే ఆ గడ్డి బరువే గూటి బరువును మించుతుంది. రేకు కింద థర్మాకోల్ అంటించమని కొందరు చెప్తారు. కోళ్ళు దాన్ని పొడుచుకు తింటాయి, వద్దు. పన్నెండు నుంచి నాలుగు దాకా పడమటి వైపు తడి గోనెపట్టా వేలాడదీస్తాను, రెండుసార్లు నీళ్ళు చల్లుతాను. అన్ని వైపులా వేస్తే గాలి ఆగిపోయి లోపల ఉక్క పెరుగుతుంది, అది ఇంకా ప్రమాదం.

మామూలు రోజుల్లో పెట్ట పావు లీటరు నీళ్ళు తాగుతుంది, ఎండల్లో దానికి రెట్టింపు. మట్టి మూకుడులో పోసి నీడలో పెట్టండి, మధ్యాహ్నం ఒకసారి మార్చండి. ప్లాస్టిక్ గిన్నెలో నీళ్ళు వేడెక్కితే దాహం ఉన్నా సరిగ్గా తాగవు.

## వాన, గాలి

నల్లరేగడి అయితే వానలకు గూడు జరపడం కష్టం, చక్రాలు దిగబడతాయి. ఆ రోజుల్లో కాస్త మెరకగా ఉన్నచోట గూడు ఆపి, కింద నాలుగంగుళాల ఊక పరిచి, రోజూ పైపైన తిరగేయండి. తడిసిన ఊక తీసి ఎరువు గుంటలో వేసి కొత్తది పోయాలి. వాన తెరిపివ్వగానే మళ్ళీ జరపడం మొదలుపెట్టాలి. నాలుగు మూలలా రెండడుగుల ఇనుప మేకులు వాలుగా దిగ్గొట్టి గూటిని తాడుతో కట్టేయండి. మాకు తుపాన్ల భయం, మీకు ఏప్రిల్, మే నెలల గాలిదుమారం.

## అలవాటు చేయడం

కొత్త గూటిలోకి తెచ్చిన కోళ్ళను మూడు నాలుగు రోజులు బయటికి వదలకండి. అదే ఇల్లని వాటికి తెలియాలి. తర్వాత సాయంత్రం పొద్దుగుంకడానికి రెండు గంటల ముందు వదలండి. చీకటి పడగానే వాటంతట అవే వచ్చి ఎక్కుతాయి.

ఇందులో ఒక చిక్కుంది. కోడి గుర్తుపెట్టుకునేది గూటిని కాదు, గూడు ఉన్న చోటును. ఒకసారి మందు కొడుతున్నారని గూటిని నలభై గజాల అవతలికి తీసుకెళ్ళాను. ఆ సాయంత్రం గూడు ఖాళీ. వెతికితే ఎనిమిదీ పాత చోట, పచ్చిక మీద గుంపుగా కూర్చుని ఉన్నాయి. చీకట్లో ఒక్కొక్కదాన్నీ చంకన పెట్టుకుని మోసుకొచ్చాను. రోజూ గూడు పొడవంత దూరమే జరిపితే ఈ ఇబ్బంది రాదు. దూరం తీసుకెళ్ళాల్సి వస్తే రెండు రోజులు బయటికి వదలకండి.

మందు అన్నాను కాబట్టి చెప్తున్నాను, పురుగుమందు కొట్టిన చెట్టు కిందకు, మడి పక్కకు గూటిని తీసుకెళ్ళకండి. చచ్చి రాలిన పురుగులను కోళ్ళు ముందు ఏరుకుంటాయి. మీ కూరగాయ మడుల మీదికి గూడు ఎక్కించేది పంట తీసేశాకే. మొదళ్ళు, కలుపు, పురుగు అన్నీ శుభ్రం చేసిపెడతాయి. కానీ ఆ మడిలో పచ్చిగా తినే కొత్తిమీర, ఉల్లికాడలు లాంటివి కోతకు వచ్చేలోపు నాలుగు నెలలు గడవాలి. వంకాయ, బెండ అయితే అంత ఆగక్కర్లేదు, కాయ నేలకు తగలదు, వండుకుంటాం.

మేత విషయంలో ఒక భ్రమ ఉంది. రోజూ కొత్త గడ్డి దొరుకుతుంది కదా, దాణా అక్కర్లేదనుకుంటారు. పెట్ట రోజుకు నూరు నుంచి నూట ఇరవై గ్రాములు తింటుంది, 32 చదరపు అడుగుల గడ్డి, పురుగులు అందులో కొంతే. నూకలు, జొన్నలు, తవుడు, వేరుశనగ చెక్క ఇవ్వాల్సిందే. గుడ్డు పెంకు కోసం ముత్యపు చిప్పల పొడి విడిగా ఒక గిన్నెలో పెట్టండి, కావలసినంత అవే తింటాయి.

ఏ జాతి అని మీరు అడగలేదు, అయినా గూటికి సంబంధం ఉంది కాబట్టి రాస్తున్నాను. గుడ్ల కోసమైతే గ్రామప్రియ, గుడ్లూ మాంసమూ రెండూ కావాలంటే వనరాజా. రెండూ హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కేంద్ర పరిశోధన సంస్థ తయారుచేసినవే. వనరాజా బరువుగా ఉంటుంది, కర్రలు అడుగు ఎత్తులోనే పెట్టండి. పందెం జాతి అసీల్ పుంజులు రెండుంటే ఈ గూడు సరిపోదు, ఒకదాన్ని ఒకటి చంపుకుంటాయి. ఏవి తెచ్చినా కొక్కెర తెగులు (రాణిఖేత్) టీకా వేయించకుండా గూటిలో పెట్టకండి. పిల్లలకు ఏడో రోజు కంట్లో లసోటా అనే టీకా చుక్క, ఎనిమిది వారాలకు ఆర్‌టూబీ అనే టీకా. మీ పశువైద్యశాలలో అడిగితే ఏ రోజు వేస్తారో చెప్తారు. ఆ తెగులు వస్తే ఎంత మంచి గూడున్నా ఒక్క కోడి మిగలడం కష్టం.

షాపుకు వెళ్ళే ముందు పెరట్లో నాలుగు పుల్లలు పాతి, తాడుతో 8 అడుగులు, 4 అడుగులు గీత గీసి చూసుకోండి. ఆ తాడు చట్రం రోజూ ఎటు జరుగుతుందో, ఎక్కడ తిరగాలో నడిచి చూడండి. మీ పెరటి గేటు వెడల్పు కూడా కొలవండి. మాది మూడడుగుల తొమ్మిది అంగుళాలు. నాలుగడుగుల గూడు ఆటోలో వచ్చి గేటు దగ్గర ఆగిపోయింది, గోడ మీదుగా నలుగురు ఎత్తి దించాల్సి వచ్చింది. మీ గేటు గూటి వెడల్పు కన్నా సన్నమైతే చట్రాన్ని రెండు ముక్కలుగా చేయించి లోపల బోల్టులు బిగించుకోండి. నేల ఎర్రదో నల్లదో, వాన నీళ్ళు ఎటు పోతాయో రాస్తే వానాకాలం గూడు ఎక్కడ ఆపాలో చెప్తాను.